ఒడుగులకు ముందు అడగాల్సిన మాట

ఒడుగుల భోజనాలకు నన్ను పిలిచేవాళ్ళు బాగా తగ్గిపోయారు. సున్తీ అనేది కాగితాల మీద మాట. కృష్ణా జిల్లాలో మా దూదేకుల ఇళ్ళల్లో ఒడుగులనే అంటాం. పిల్లాడికి కొత్త లుంగీ కట్టి, మెళ్ళో పూలదండ వేసి, ఆ చిన్న కోత కోయించి, చుట్టాలందరికీ బిర్యానీ పెట్టే వేడుక. అలాంటి చోటికి వెళ్ళానంటే నేను ఊరికే తిని రాను. పిల్లాడి తల్లిని పక్కకు పిలిచి, "అమ్మాయ్, మీ పుట్టింటి వైపు మగపిల్లలకి ఎవరికైనా దెబ్బ తగిలితే రక్తం ఆగకపోవడం ఉందా?" అని అడుగుతాను. అంతే, ఆ అమ్మాయి మొహం మాడిపోతుంది. పక్కనున్న ముసలమ్మలు "శుభమా అని పిలిస్తే ఈ ఆరాలేంటమ్మా" అని గొణుగుతారు. గొణుక్కోనీ. నా కొడుకు పోయింది ఎవరూ అడక్క కాదు. డాక్టరు గారు అడిగారు. మావాళ్ళే చెప్పలేదు.

మాది చల్లపల్లికి దగ్గర్లో చిన్న ఊరు. మా నాన్న పరుపులు కుట్టేవాడు. ఆయన పోయేముందు నన్ను ఊళ్ళోనే ఇంకో పరుపులవాళ్ళ ఇంటికి ఇచ్చాడు. మావాడు తొంభైల మొదట్లో పుట్టాడు. నడక రాగానే వాడి ఆటంతా వసారాలో పోసిన దూది గుట్టలోనే. అందులో మునిగి లేచి, తలంతా తెల్లగా చేసుకుని పరిగెత్తుకొచ్చి, "అమ్మా, నేను తాతనయ్యా, చూడు" అనేవాడు. తుమ్మీ తుమ్మీ కళ్ళలో నీళ్ళు కారుతున్నా ఆ గుట్ట వదిలేవాడు కాదు. పాకే వయసు నుంచీ వాడి మోకాళ్ళూ మోచేతులూ కమిలి నల్లగా ఉండేవి. ఒకసారి పెదవి చిట్లితే మర్నాటిదాకా ఉమ్ములో ఎర్రజీర పోలేదు. అల్లరి వెధవ, ఎక్కడపడితే అక్కడ పడతాడు అనుకుని నవ్వుకునేవాళ్ళం. మా అమ్మ మాత్రం నవ్వేది కాదు, పసుపు రాసి ఊరుకునేది.

వాడికి మూడేళ్ళు నిండాక ఒడుగులు చేద్దామన్నారు మా అత్తగారు. మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తరతరాలుగా ఈ పని చేసే మంగలి ఒకతను ఉన్నాడు. అతనికి కబురు పెడదామనుకుంటుంటే మా అమ్మ ఇంటి మీదికి వచ్చేసింది. "మంగలి కత్తి వద్దంటే వద్దు. డాక్టరు దగ్గర చేయిస్తే చేయించండి, లేదా నా మనవడి జోలికి రాబాకండి" అని వియ్యపురాలితో పోట్లాడింది. ఎవరి ముందూ గొంతెత్తని మనిషి. బడి గుమ్మం తొక్కని మా అమ్మకి ఎంత తెలివి అని మురిసిపోయాను. మురిసిపోయాను, నా మొహం!

చల్లపల్లిలో ఒక డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన్ని నేను ఈనాటికీ ఒక్క మాట అనను. పిల్లాడికి జ్వరం, దగ్గు లేవు కదా అని చూశారు. ఈమధ్య కామెర్లేమైనా వచ్చాయా అని అడిగారు. మూత్రం తిన్నగా వస్తోందా, రంధ్రం ఉండాల్సిన చోటే ఉందా అని చూశారు. అది కిందికి ఉన్న పిల్లలకి ఈ కోత కొయ్యకూడదట, తర్వాత బాగుచెయ్యడానికి ఆ చర్మమే కావాలట. ఇంత చిన్న పనికి ఇన్ని చూసుకోవాలని నాకు అప్పుడే తెలిసింది. చివర్లో నా వైపు తిరిగి, "మీ అన్నదమ్ములకి గానీ మేనమామలకి గానీ రక్తం ఆగకపోవడం లాంటిది ఉందామ్మా?" అన్నారు.

నాకు అన్నదమ్ములెక్కడ, మేం ముగ్గురం ఆడపిల్లలమేగా! అదే చెప్పబోయాను. నా వెనక నిలబడ్డ మా అమ్మ నాకంటే ముందే అందుకుంది.

"అట్టాంటియ్యేం లేవండీ. మా ఇంటావంటా లేవు."

డాక్టరు గారు సరేనని చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు.

పని అయ్యాక ఆయన అన్నీ విడమర్చి చెప్పారు. కట్టు పీకొద్దు. పొడులూ పసర్లూ వెయ్యొద్దు. రక్తం కనపడితే శుభ్రమైన గుడ్డతో కాసేపు అదిమి పట్టాలి, అయినా ఆగకపోతే ఏ వేళైనా సరే తీసుకొచ్చెయ్యాలి. పిల్లాడు మూత్రం పొయ్యకపోయినా అంతే. మా ఆయన బుద్ధిమంతుడిలా తలూపాడు. ఇంటికొచ్చాక ఆ మాటలు ఎవరికీ గుర్తులేవు. వాకిట్లో పందిరి, పందిరి నిండా చుట్టాలు, పొయ్యి మీద బిర్యానీ.

దిష్టుల్లో తల్లి దిష్టి చెడ్డదట. అందుకని ఒడుగుల పుండు మానేదాకా తల్లి దాన్ని చూడకూడదని మా ఇళ్ళల్లో పట్టింపు. నన్ను వంటింట్లోకి తోసి, మావాణ్ణి మధ్య గదిలో పడుకోబెట్టి మా అమ్మా అత్తగారూ కూర్చున్నారు. సాయంత్రానికి లుంగీ మీద ఎర్రగా మరక పడింది. మా ఇంట్లో దూదికేం కరువు? మా అమ్మ మంచి దూది కాల్చి ఆ మసి అద్ది, పైన ఇంకాస్త దూది పెట్టింది. పాతకాలం నుంచీ అందరూ చేసేదే. ఆ దూది తడవగానే పీకి అవతల పారేసి మళ్ళీ కొత్తది. లోపల కాస్త గడ్డకట్టబోయే రక్తం కూడా ఆ పీకడంలో ఊడొచ్చేదని తర్వాత తెలిసింది.

నేను గుమ్మంలో నిలబడి "డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాను. "కోస్తే రక్తం రాక పాలొస్తాయా? చుట్టాల ముందు ఆ ఏడుపు మొహం తియ్యి" అంది మా అత్తగారు. "పొద్దున్నే పోదాంలే" అన్నాడు మా ఆయన. మళ్ళీ అన్నాను. "చెప్తంటే నీక్కాదా!" అని కసిరాడు. మా అమ్మ మాత్రం నా వైపు చూడలేదు. దూది పెట్టబోయి రెండుసార్లు జారవిడిచింది. పొద్దుట్నుంచీ కూర్చుని ఉంది, అలిసిపోయింది పాపం అనుకున్నాను.

తెల్లారేసరికి మావాడి పెదాలు సున్నం వేసినట్టున్నాయి. అప్పుడు పరిగెత్తాం. డాక్టరు గారు కట్టు విప్పి చూసి కుట్లు వేశారు. సూది గుచ్చిన చోటల్లా మళ్ళీ రక్తం ఊరడం మొదలెట్టింది. ఆయన మొహంలో రంగు మారింది. "విజయవాడ తీసుకుపోండి, ఎక్కడా ఆగొద్దు" అని జీపు కూడా ఆయనే మాట్లాడారు. కూచిపూడి దాటేదాకా వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. నీళ్ళడిగాడు, దూదిలో ఆడుకోవడానికి ఎప్పుడు పోతామని అడిగాడు. ఉయ్యూరు వచ్చేసరికి నా మొహంకేసి ఊరికే చూస్తున్నాడు.

పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు చూసే డాక్టరమ్మ సెలైనూ రక్తమూ పెట్టించింది. ఎక్కుతున్నది ఎక్కుతుంటే కారేది కారుతోంది. ఆవిడ కూడా అదే మాట అడిగింది. నేను లేదన్నాను. నాకు తెలిసింది అదేగా! "బాగా గుర్తు తెచ్చుకోమ్మా, మీ అమ్మ తరఫున ఎవరూ లేరా?" అని రెట్టించింది. నేను మా అమ్మ వైపు చూశాను. మా అమ్మ లేచి వరండాలోకి వెళ్ళిపోయింది.

వెనకాలే వెళ్ళాను. గోడకి చేరబడి కింద కూలబడి ఉంది.

"నీకు ముందు ఒకడు పుట్టాడే" అంది.

"ఎవరు?" అన్నాను.

"దివిసీమలో ఉన్నప్పుడు. బంగారంలాంటి పిల్లోడు. ఒడుగులు చేస్తే రక్తం ఆగలా. మంగలి చెయ్యి మంచిది కాదన్నారు. మీ నాన్న అతన్ని చంపుతానని మీదికి పోయాడు. ఆ ఊళ్ళో ఇంక ఉండలేక ఇటొచ్చేశాం."

"డాక్టరు అడిగితే లేవన్నావేంటమ్మా? నోరెట్టా వచ్చిందే నీకు?"

"శుభమా అని నీ కొడుక్కి ఒడుగులు చేస్తా, పోయినోడి మాట ఎట్టా ఎత్తనే? నా నోటితో నేనే కీడు పిలిచినట్టు కాదా? మంగలి వల్లే పోయాడనుకున్నా. అందుకేగా డాక్టరు కావాలని పోట్లాడింది!"

నేను మా అమ్మని కొట్టలేదు. కొట్టినంత పని చేశాను. రెక్క పట్టుకుని ఈడ్చుకుంటూ డాక్టరమ్మ ముందుకు తీసుకుపోయి "చెప్పు, ఇప్పుడు చెప్పు" అని అరిచాను. మా అమ్మ చెప్పింది. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిందేదో ఈ పిల్లల రక్తంలో పుట్టుకతోనే ఉండదట. మామూలుగా రక్తం ఎక్కిస్తే చాలదట, ఇంకొకరి రక్తంలోంచి వేరు చేసిన నీరు ఎక్కించాలట. దానికోసం మనిషిని పంపింది. అది వచ్చేసరికి మావాడు లేడు. ముందే తెలిసుంటే అది దగ్గర పెట్టుకుని చేసేవాళ్ళట, లేదా అసలు కోతే వద్దనేవాళ్ళట. తెలిసిన మనిషి పక్కనే నిలబడి ఉంది కదండీ! ఇన్నేళ్ళయినా నా కడుపు మండేది అక్కడే.

వాణ్ణి తీసుకుపోయే ముందు డాక్టరమ్మ నన్ను తన గదిలో కూర్చోబెట్టింది. ఇది తల్లుల నుంచి మగపిల్లలకి వస్తుందని, తల్లులకి పైకి ఏమీ కనపడదని చెప్పింది. తండ్రి నుంచి కొడుక్కి రాదంది. "మీ చెల్లెళ్ళిద్దరిలోనూ ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. ఉన్నా పుట్టే ప్రతి మగపిల్లాడికీ రావాలని లేదు. ఒకడికి రాకపోతే ఇంకొకడికి రాదనీ లేదు. అందుకని ఎవరి పిల్లాడికి వాడికే ముందు రక్త పరీక్ష చేయించండి. ఆ తర్వాతే కోత." నా చెయ్యి పట్టుకుని మళ్ళీ చెప్పింది. నాకు అప్పుడు ఏడుపు కూడా రావడం లేదు. కానీ ఆ మాటలు ఒక్కటీ పోలేదు.

ఆ తర్వాత నాకు ఒక ఆడపిల్ల పుట్టింది. మగపిల్లాడు కాదని తెలియగానే నేను ఊపిరి పీల్చుకుంటే మా అత్తగారు మొహం తిప్పుకుంది. ఫోము పరుపులు వచ్చి మా పని సన్నగిల్లింది. వసారాలో దూది గుట్ట లేకపోవడం ఒకందుకు నాకు మంచిదే అయింది, అది ఉన్నన్నాళ్ళూ నేను పెరటి దారినే వచ్చిపోయేదాన్ని. నమాజు చెయ్యాలంటే కోపం వచ్చేది. ఎవరిని అడగను, ఏమని అడగను?

పెద్ద చెల్లెల్ని విజయవాడలో ఇచ్చారు. బెంజ్ సర్కిల్ వెనక సందులో ఇల్లు, మరిదికి పరుపుల కొట్టు. రెండువేల సంవత్సరం దాటాక దానికి కొడుకు పుట్టాడు. వాణ్ణి చూడ్డానికి వెళ్ళిన రోజే విషయం ఎత్తాను. "ఒక్క పరీక్షే. చేతిలోంచి కాస్త రక్తం తీస్తారు, అంతే."

"అక్కా, మెల్లిగా! మా అత్తగారు వింటుంది."

"విననీ. ఆవిడ మనవడే కదా!"

"రోగం పిల్లని అంటగట్టారంటారక్కా. నన్ను పుట్టింటికి పంపేస్తారు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మా అమ్మకి చెప్తే ఇంకో పాట. "చిన్నదానికి సంబంధాలు చూస్తన్నాం. ఇప్పుడీ మాట బయటికొస్తే దాన్నెవడు చేసుకుంటాడే? రేపు నీ కూతుర్ని మాత్రం ఎవడు చేసుకుంటాడు?"

"చేసుకోకపోతే మానె! పిల్లలు బతికుండాలా వద్దా?" అని అరిచాను.

"నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదు గదా" అంది మా అమ్మ. నాకు అక్కడే చచ్చిపోవాలనిపించింది. ఒకణ్ణి మట్టిలో పెట్టిన మనిషి, వాడి వెనకే నా కొడుకునీ పెట్టిన మనిషి, ఇంకా మంచి మాటలు కావాలంటోంది.

పెద్ద చెల్లెలి కొడుకు ఒడుగులు ఏదో ఒక వంకతో వాయిదా పడుతూ వచ్చాయి. ఆ వంకల్లో సగం నేను అల్లినవే. ఓసారి ఎండలన్నాను, ఓసారి పిల్లాడు చిక్కాడన్నాను. ఈలోగా చిన్న చెల్లెలికీ పెళ్ళయింది, దానికీ కొడుకే పుట్టాడు. చిన్నదాని మొగుడు మెతకమనిషి. నేను చెప్పిందంతా విని, "అలాగే వదినగారూ, పరీక్ష చేయించాకే చేద్దాం. ముందు పెద్దవాడిది అవనివ్వండి" అన్నాడు. పోనీలే, ఒక్కరైనా విన్నారు అనుకున్నాను.

ఒకరోజు మా ఊరి కిరాణా కొట్టు దగ్గర ఒకావిడ, "ఏంటమ్మా, ఇవాళ మీ చెల్లెలి కొడుకు ఒడుగులంటగా, నువ్వింకా ఇక్కడే ఉన్నావే?" అంది. చేతిలో సంచి అక్కడే పెట్టేసి బస్సెక్కాను. పెనమలూరు దగ్గర బస్సు ఆగిపోతే దిగి, డ్రైవర్ని నోటికొచ్చినట్టు తిట్టి, ఆటో పట్టుకున్నాను. దారి పొడుగునా నా పెదాల మీద దువా లేదు, "ఆగు, ఆగు" అనుకుంటున్నాను. ఎవరిని ఆగమంటున్నానో నాకే తెలీదు.

వాళ్ళ సందులో పందిరి వేసి ఉంది. కోత అప్పటికే అయిపోయింది, దగ్గర్లో నర్సింగుహోములో చేయించి తెచ్చారు. నన్ను చూడగానే చెల్లెలి అత్తగారు గుమ్మానికి అడ్డం వచ్చింది. కొడుకు పోయిన మనిషి అడుగు ఒడుగుల ఇంట్లో పడకూడదట. తోసుకుని లోపలికి పోయాను. నాకు చెప్పకుండా వచ్చిన మా అమ్మా, చిన్న చెల్లెలూ, దాని మొగుడూ అక్కడే ఉన్నారు.

"నర్సింగుహోములో అడిగారా?" అన్నాను చెల్లెల్ని.

"అడిగారక్కా."

"ఏం చెప్పావ్?"

"మా అత్తగారు పక్కనే ఉంది" అంది తల వంచుకుని.

పిల్లాడి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఎవరు తిట్టినా లేవలేదు. లుంగీ ఎత్తి చూశాను. కట్టు పొడిగా ఉంది. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. చెల్లెలి తోటికోడలు పసుపు పట్టుకొస్తే గిన్నె లాక్కున్నాను. వాడు లేచాడు, మూత్రం పోశాడు, మంటని ఏడ్చాడు, మళ్ళీ ఆడుకున్నాడు. కట్టు పొడిగానే ఉంది. ఆ రోజు, మర్నాడు, ఆ మర్నాడు కూడా. వాడికి ఆ జబ్బు లేదు.

నాకు అంతకుముందూ ఆ తర్వాతా అంత సంతోషం తెలీదు. వాడి పాదాలు పట్టుకుని భోరుమని ఏడ్చాను. ఇల్లంతా నవ్వులు మొదలయ్యాయి. చెల్లెలి అత్తగారు కూడా మెత్తబడి, "చాల్లే ఏడుపు, లేచి తిను" అంది.

మా అమ్మ రొట్టెల్లో బెల్లం కలిపి చేసిన మలీదా పళ్ళెం పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె మొహం నేనెన్నడూ చూడనంత తేటగా ఉంది.

"చూశావా? ఏం కాలా. నా రక్తంలో ఏ దోషమూ లేదు. మన పెద్దోడు ఆ మంగలి వల్లే పోయాడు." ఒక ముద్ద నా చేతిలో పెట్టి, "నీ కొడుక్కి మీ అత్తగారోళ్ళ వైపు నుంచి వచ్చుంటదే" అంది.

మామూలుగా అయితే ఆ పళ్ళెం ఎగరగొట్టేదాన్ని. ఆ ముద్ద చేతిలో అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా ఇద్దరు పసివాళ్ళ గోరీలు మోస్తున్న మనిషి ఆ బరువు ఒక్కసారిగా దించుకుంది. దాన్ని మళ్ళీ ఎత్తి ఆమె నెత్తిన పెడితే తప్ప నా మాట నిలబడదు.

ఎదురుగా చిన్న చెల్లెలు కొడుకుని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. దాని మొగుడు పక్కనే నిలబడి ఉన్నాడు. అది నవ్వుతూ నన్నడిగింది.

"హమ్మయ్య! ఇంక మావాడికి ఆ పరీక్ష అక్కర్లేదుగా అక్కా?"

"కావాలి" అన్నాను. "వీడికి లేకపోతే వాడికి లేదని కాదు. కావాలి."

"ఊరుకో అక్కా, ఇంకా ఏంటి" అంది. వాళ్ళాయన ఇబ్బందిగా నవ్వి, పిల్లాణ్ణి దాని ఒళ్ళోంచి ఎత్తుకున్నాడు. నేను ఇంకోసారి కావాలన్నాను. అప్పటికి మా అమ్మ, రంజాను దాటాక చిన్నదాని కొడుకు ఒడుగులు కూడా పెట్టేసుకుందామని, వాళ్ళాయనతో తేదీ ఖాయం చేస్తోంది.